పడవ చెక్క, సగం రొట్టె

పోలీసు చర్య జరిగిన కొత్తలో, సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగు రూములో ఒక ముసలి సాయిబు నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో హుసేన్ సాగర్ పడవ తాలూకు చెక్క, దాని మీద రాయిలా గట్టిపడిన పిట్టల రెట్ట. పులిసిన గంజి పోసి, బొటనవేలి గోటితో గీకుతున్నాడు.

"చాకు పెడితే వార్నిష్ పోతది సాబ్," అన్నాడు.

ఆ కంపుకి వార్నిష్ పోలేదు గానీ, ప్రయాణికులు పోయారు.

కాసేపటికి మూట విప్పి, అదే చేత్తో రొట్టె తుంచి నాకు సగం ఇవ్వబోయాడు. ఆకలి లేదన్నాను.

"గీ గడ్‌బడ్ అయినకాంచి మా సాయిబుల చేతిది ఎవ్వరు తింటలేరు," అంటూ రొట్టెను మళ్లీ మూట కట్టబోయాడు.

నా అభ్యంతరం మతం గురించి కాదు, గోరు గురించి. ఆ మాట చెప్పినా ఆయన నమ్మేలా లేడు. రొట్టె అందుకుని తిన్నాను. బాగుందని కూడా అన్నాను.

"గట్లనా బేటా!" అని ఆయన మిగతా సగం కూడా నా చేతిలో పెట్టాడు.