పాత చెయ్యి

కింది వాటా నుంచి నేను మెట్లెక్కుతుండగానే ఆ చప్పుడు వినిపించేది. చప్పుడు అనడం కూడా ఎక్కువే. పాట కాదు, కూనిరాగం కాదు; నిద్రలోకి జారుతున్న మనిషి గొంతులో మిగిలిపోయిన 'ఊఁ' లాంటిది. కాస్త పైకి లేవబోయి, బలం చాలక అక్కడే ఆగేది. అది వినిపించిందంటే కుర్చీలక్క పని నుంచి వచ్చిందని, పొయ్యి మీద ఏదో పెట్టిందని లెక్క.

మోటారుతో నడిచే చక్రాల కుర్చీలు బాగుచేసే షెడ్డులో ఆమెది పని. అందుకే ఆ పేరు. కావాలని ఆ పనిలోకి వెళ్ళలేదు. తమ్ముడికి చిన్నప్పుడే కండరాలు కరిగిపోయే జబ్బు పట్టుకుంది. అతని కుర్చీ అస్తమానం మొరాయించేది. దాన్ని తోసుకుంటూ షెడ్డుకు వెళ్ళి వెళ్ళి, అక్కడ పడిగాపులు పడి పడి, చివరికి తనే స్క్రూడ్రైవరు పట్టుకుంది. తల్లి పోయాక ఆ రెండు గదుల్లో మిగిలింది అక్కాతమ్ముళ్ళే. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, ముందు వీడి కుర్చీకి బ్రేకులు పడనీండి, నాకు తర్వాత వేద్దురుగాని అనేది.

ఒకరు వాడిన కుర్చీ ఇంకొకరికి ఇచ్చే ముందు దాన్ని నడిపే జాయ్‌స్టిక్‌ని విప్పి సరిచేయాలి. ఏళ్ళ తరబడి ఒకే చేతి కింద ఉన్న పుల్ల ఆ చేతి వాలునే నేర్చుకుంటుంది. లోపలి స్ప్రింగు ఒక పక్కకు అలిసిపోతుంది. వదిలేసినా నిటారుగా నిలబడదు. కొత్త స్ప్రింగు వేసి, స్క్రూ తిప్పి, మళ్ళీ నడిమికి తేవాలి. షెడ్డులో దాన్ని 'పాత చెయ్యి తీయడం' అంటారు. ఆ పనికి కుర్చీలక్క పెట్టింది పేరు.

తమ్ముడికి వేళ్ళు తప్ప మిగతా ఒళ్ళంతా మాట వినడం మానేసిన రోజుల్లో సంగీతం పిచ్చి పట్టింది. మాడ్యులర్ సింథసైజర్ ఒకటి సంపాదించాడు. మీటలు నొక్కే వాయిద్యం కాదది. ఒక పెట్టె, అందులో వరసగా రేకు పలకలు, వాటి నిండా తిప్పే నాబులు, కన్నాలు. ఒక పలక స్వరాన్ని పుట్టిస్తుంది, ఇంకోటి దాన్ని చెక్కుతుంది. ఏ కన్నం నుంచి ఏ కన్నానికి వైరు వేస్తే ఆ దారిన ధ్వని నడుస్తుంది. అతను చెబుతుంటే అక్క వైర్లు గుచ్చేది. నాబులు తిప్పే సత్తువ అతనికి లేదని, పాత కుర్చీ జాయ్‌స్టిక్ ఒకటి తెచ్చి పెట్టెకు కలిపింది. పక్కలకు వంచితే స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. ముందుకు నెడితే విచ్చుకుంటుంది. నడిమికి వస్తే నిశ్శబ్దం. నడక ఎప్పుడో మరిచిన కుర్రవాడు ఆ పుల్ల పట్టుకుని గోడల మీదా, పైకప్పు మీదా, వాన వెలిసిన కిటికీ అద్దాల మీదా నడిచాడు.

చివరి రోజుల్లో చెయ్యి లేవక ఆ పుల్ల మీదే వాలి ఉండేది. కాస్త ఎడమకు, కాస్త ముందుకు. అతను పోయాక కూడా పుల్ల అలాగే వాలి ఉండిపోయింది. పెట్టె స్విచ్చి వేస్తే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే ఆ 'ఊఁ' పలికేది. అక్క రోజూ వేసేది. దాని ముందు కూర్చునేది కాదు. గిన్నెలు కడిగేది, బట్టలు మడతపెట్టేది. ఇంట్లో మనిషి ఉన్నప్పుడు ఎలా తిరుగుతామో అలా తిరిగేది.

ఈ మధ్య ఆ ధ్వనిలో గరగర మొదలైంది. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి జాయ్‌స్టిక్ విప్పి బల్ల మీద పెట్టుకుని ఉంది. షెడ్డు పని ఇంటికి తెచ్చుకునే అలవాటు కొద్దీ కొత్త స్ప్రింగులు, పాత స్ప్రింగుల డబ్బా కూడా బల్ల మీదే ఉన్నాయి.

"రా వదినా. వాడి గొంతులో దుమ్ము పడింది. ఊదేస్తే పోతుంది. ఇంకేం కదపను."

కుంచెతో దుమ్ము దులుపుతూ తమ్ముడి కబుర్లు మొదలుపెట్టింది. అక్క వంట కూడా కుర్చీ రిపేరు లాంటిదేనట, అంతా బిగించాక ఏదో ఒకటి బల్ల మీద మిగిలిపోతుందట, ఎక్కువసార్లు ఉప్పేనట. చెబుతూ నవ్వుతోంది, నన్నూ నవ్విస్తోంది.

"ఒకసారి అన్నాను. ఒరేయ్, ఈ పుల్ల మరీ వాలిపోయింది, ఒక్క నిమిషం ఇలా ఇవ్వు, పాత చెయ్యి తీసేస్తానని. ఏమన్నాడో తెలుసా? నేనింకా ఉన్నాను కదే అక్కా, అప్పుడే పాత చెయ్యి అంటావేంటి అన్నాడు."

నవ్వు ఆపుకోలేక ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వులోనే ఆఖరి స్క్రూ బిగించింది. వైరు గుచ్చి స్విచ్చి వేసింది.

ఏమీ వినిపించలేదు.

వైరు వదులైందేమోనని నొక్కి చూసింది. పుల్లను వేలితో వంచింది. స్వరం నిండుగా పలికింది, గరగర లేకుండా. వేలు తీసేసింది. పుల్ల టక్కున లేచి నిటారుగా నిలబడింది. గది మూగబోయింది.

అక్క తన చేతుల వంక చూసుకుంది. పాత స్ప్రింగు ఎప్పుడు తీసి డబ్బాలో పడేసిందో, కొత్తది ఎప్పుడు వేసిందో, స్క్రూ ఎంత తిప్పిందో ఇద్దరమూ గమనించలేదు. నోరు తమ్ముణ్ణి తలుచుకుంటుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

డబ్బా ఒళ్ళో కుమ్మరించుకుంది. ఒక్కో స్ప్రింగే వేసి చూసింది. ఒకటి కుడికి వాలింది, ఒకటి బాగా వెనక్కి. ప్రతిదీ ఎవరో ఒకరి చెయ్యే. ఒకటి మాత్రం ఎడమకే వాలి సన్నగా పలికింది. ఊపిరి బిగపట్టి విన్నది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"వీడెవరో వదినా. మనవాడు కాదు."

అసలు స్ప్రింగే దొరికినా, తిరిగిన స్క్రూ మునుపటి చోట ఆగదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా పొయ్యి మీద కూర మాడిన వాసన వచ్చేదాకా వెతుకుతూనే ఉంది.

లేచి పొయ్యి ఆపింది. తిరిగొచ్చి కొత్త స్ప్రింగే మళ్ళీ వేసింది. పుల్లను ఒకసారి వంచి వదిలింది. గుడ్డతో శుభ్రంగా తుడిచి, రేపు షెడ్డుకు తీసుకెళ్ళే సంచిలో పెట్టింది. నేనేదో ఓదార్చబోతే వినిపించుకోలేదు. గుమ్మం దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"పాత చెయ్యి పూర్తిగా పోయింది వదినా. ఇక ఎవరికైనా ఇచ్చేయొచ్చు."