తపస్కాలంలో జారిన ముడి

ఒతీలియా కాన్యుమిల్ రోజూ చీకటితోనే లేచి, పొయ్యి రాజేసి, వేడివేడిగా మూడు సార్లు మాతే కషాయం పోసుకుని తాగి, కిటికీ దగ్గరి బల్ల ముందు దారాలకు ముడులు వేస్తూ కూర్చునేది. ఇటు ఐదు చుట్లు, అటు ఐదు చుట్లు, నడుమలోంచి రెండు కొసలు. ఒక్కో ముడికి దేవమాతను తలుచుకుంటూ ఒక మంగళవార్త జపం. ఆమెన్ అన్నాక ముడిని నోట్లో పెట్టుకుని తడిపి, మెల్లగా బిగించేది. జపం మధ్యలో ఎవరైనా తలుపు తడితే ఆ ముడి కోసేసి మళ్ళీ మొదలుపెట్టేది. ఆ సంగతి తెలిసిన వాళ్ళం తట్టకుండా గుమ్మం బయట కాసేపు నిలబడేవాళ్ళం. చలికాలంలో ఆ కాసేపు చాలా పెద్దది.

ఆమె కట్టేవి ట్రౌట్ చేపలు పట్టే గాలాలకు కొసదారాలు. గాలం తాడు లావుగా ఉంటుంది. అది నీళ్ళ మీద పడితే ట్రౌట్ చూసి తన దారిన పోతుంది. అందుకని దాని చివర బారన్నర పొడవు నైలాన్ దారం కట్టాలి. మొదట లావు ముక్క, దానికి కొంచెం సన్నది, దానికి ఇంకా సన్నది, అలా ఏడు ముక్కలు, ఆరు ముడులు, చిట్టచివర ఈకలతో చేసిన ఈగ. దారం సరిగ్గా సన్నబడుతూ పోతే ఆ ఈగ నీళ్ళ మీద నిజం ఈగలాగే వాలుతుంది. దుకాణంలో ముడులు లేని దారాలు పొట్లాల్లో దొరుకుతాయి. అయినా చిమెవిన్ నది మీద జనాన్ని చేపల వేటకు తిప్పే గైడ్లు ముప్పై ఏళ్ళుగా ఒతీలియా దగ్గరికే వచ్చేవారు. ఆమె ముడి జారిందన్న మాట ఎవరి నోటా రాలేదు. కోసిన తునకలు పక్షుల కాళ్ళకు చుట్టుకుంటాయని వాటిని ఒక డబ్బాలో పోగేసి శనివారాలు పొయ్యిలో కాల్చేది. ఆ కంపుకు శనివారాలు పొయ్యి దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు.

ఆ ఏడు తపస్కాలం మొదలయ్యే బూడిద బుధవారం నాడు ఆమె గుడిలోని మంచు మాతకు ఒక మొక్కు మొక్కుకుంది. మేనల్లుడు ఎవారిస్తో భార్యకు అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఏడో నెల. బిడ్డ క్షేమంగా పుట్టాలని, పునరుత్థాన పండుగ దాకా రోజూ మధ్యాహ్నం గుడి గంట కొట్టేవరకూ నీటి చుక్క కూడా ముట్టనని మొక్కు. మంచు మాత అంత అడిగి ఉండదు. తక్కువ చెబితే బేరమాడినట్టు ఉంటుందని ఒతీలియా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. మాకు తెలిసింది పండుగ వెళ్ళాక.

పొద్దున ముడులు వేయడం మాత్రం మానలేదు. ఎప్పటిలాగే నోట్లో పెట్టుకునేది, బిగించేది. నోట్లో తడి లేదన్న సంగతి గమనించుకోలేదు. పొడిగా బిగిస్తే నైలాన్ రాపిడికి వేడెక్కి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి కుదురుగా కూర్చోవు. పైకి మాత్రం ముడి ముడిలాగే ఉంటుంది.

డోన్ ఔరేలియో బ్రస్కా దూరాన బహియా బ్లాంకా నగరంలో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. పదకొండేళ్ళుగా ఏటా రెండు వారాలు చేపల వేటకు వచ్చి మా ఇంట్లోనే గది అద్దెకు తీసుకునేవాడు. మాకు శ్రమ ఎందుకని పొద్దున్నే తన పక్క తనే సర్దుకునేవాడు. ఆయన వెళ్ళాక మేం మళ్ళీ సర్దేవాళ్ళం. ఆ మార్చిలో ఆయనకు గైడుగా వెళ్ళిన ఎవారిస్తో ఆయనను వంతెన దిగువన నిలబెట్టాడు. నలభై నిమిషాల పాటు ఆయన గాలానికి ఒక చేప ఉంది. ఎవారిస్తో ఆరు కిలోలన్నాడు. సాయంత్రానికి ఏడయింది. ఒడ్డు నాలుగడుగులు ఉందనగా దారం పోయింది, దాంతో చేపా పోయింది.

ముసలాయన చెయ్యి బిగించి దారం తెంచేశాడని ఎవారిస్తో పెట్రోల్ బంకు దగ్గర నలుగురికీ చెప్పాడు. దారం ఒతీలియాది కనుక దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచలేదు. మర్నాటి నుంచి రొట్టెల కొట్టతను రొట్టె చేతికిస్తూ, గట్టిగా పట్టుకోకండి అనేవాడు. డోన్ ఔరేలియో మెల్లగానే పట్టుకునేవాడు. రెండు రోజులు నదికి వెళ్ళలేదు. శనివారం ఒంటిగంట బస్సుకు వెళ్ళిపోతానని, గాలం కర్ర ఎవారిస్తోకు ఇచ్చేస్తానని, ఇక మీదట రానని మాతో అన్నాడు. చెయ్యి మాట విననప్పుడు చేపల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఎవారిస్తో ఆ దారంలో మిగిలినదాన్ని బాగుచేయించడానికి మేనత్త ఇంటికి తెచ్చాడు. ఆమె కొస పట్టుకుని కిటికీ వైపు తిప్పింది.

"ఇది తెగలేదు."

"తెగలేదు అత్తా, తెంచాడు."

"తెగినా తెంచినా కొస సూటిగా ఉంటుంది. ఇది పందితోకలా చుట్టుకుంది. ముడి జారింది."

ఆ తేడా ఎవారిస్తోకు తెలియనిది కాదు. గైడయి పదిహేనేళ్ళు. చూసుకోలేదు, అంతే. కాసేపు టోపీ సర్దుకున్నాడు.

"ఇప్పుడు ఎవరికి తెలుస్తుంది అత్తా? ఆయన ఎలాగూ రేపు వెళ్ళిపోతున్నాడు. నీ పేరు పోతే గైడ్లంతా పొట్లాలు కొనుక్కుంటారు."

"మరి ఆయన చెయ్యి?"

"రిటైరైన చెయ్యేగా."

"నువ్వు ఇంటికెళ్ళు. నీ పెళ్ళాన్ని బిందెలు ఎత్తనివ్వకు," అంది ఒతీలియా.

అతను వెళ్ళాక, తపస్కాలంలో కట్టి మేకుకు వేలాడదీసిన దారాలన్నీ ఒక్కొక్కటే లాగి చూసింది. పద్నాలుగింటిలో ఐదు జారాయి. మిగిలిన తొమ్మిదీ కూడా డబ్బాలో వేసింది.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు మా ఇంటికి వచ్చింది. చుట్టుకున్న కొస జపాల పుస్తకంలో ఉంది, దారం రీళ్ళు చేతిసంచిలో ఉన్నాయి. డోన్ ఔరేలియో పెట్టె తాళం వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె కొస తీసి ఆయన ముందు పెట్టింది.

"మీ చెయ్యి కాదండీ. నా ముడి జారింది. పొడి నోటితో కట్టాను. బంకు దగ్గర కూడా నేనే చెబుతాను."

ఆయన కళ్ళజోడు తగిలించుకుని కొసను చాలాసేపు చూశాడు.

"అంటే నేను గట్టిగా లాగలేదా?"

"గట్టిగానే లాగి ఉంటారు. పోయింది మాత్రం దానివల్ల కాదు."

"చేపల పని అయిపోయిందని మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పేశాను."

"మళ్ళీ చెయ్యండి."

"ఆవిడ సంతోషపడింది," అన్నాడు ఆయన. అని లేచి, పెట్టె తాళం తీసి, బూట్లు బయట పెట్టాడు. బస్సుకు మూడున్నర గంటలుంది. వంతెన పావుగంట నడక. దారం ఒక్కటే లేదు.

ఒతీలియా రీళ్ళు బల్ల మీద వరసగా పెట్టి, ఏడు ముక్కలు కొలిచి కోసింది. మొదటి రెంటినీ జోడించి, పెదవులు కదుపుతూ ఐదు చుట్లు ఇటు, ఐదు అటు వేసింది. ముడిని నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. మేం ఆమె ముందు నీళ్ళ గ్లాసు పెట్టాం. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

"తాగండి," అన్నాడు డోన్ ఔరేలియో.

"పన్నెండు దాకా తాగను."

"డాక్టరు చెప్పాడా?"

"లేదు."

ఆయన గ్లాసు తన వైపు లాక్కున్నాడు. పోనీ గ్లాసులో ముంచితే సరిపోదా అన్నాడు. నీళ్ళు నైలాన్ మీద నిలవవని, ఉమ్మే పట్టుకుని ఉంటుందని ఆమె చెప్పింది. తర్వాత ముడి విడిపోకుండా రెండు చేతులా పట్టుకుని, బల్ల మీదుగా ఆయన వైపు వంగింది.

"డోన్ ఔరేలియో, మీరు నాకొక సాయం చెయ్యాలి. ఇది కాస్త మీ నోట్లో పెట్టుకోండి. పళ్ళు తగలనివ్వకండి, మాట్లాడకండి. ఇలాంటివి ఆరున్నాయి."