గార్డు దిగులుకు నేను చేసిన వైద్యం

మా ఊరి టోటోల్లో, అంటే బ్యాటరీ రిక్షాల్లో, మోకాళ్ళకు చోటుండదు. ఎదురెదురుగా నలుగురం కూర్చుంటే ఏ మోకాలు ఎవరిదో దిగేటప్పుడు తేల్చుకోవాలి. ఖరగ్‌పూర్‌లో ఇంతమంది ఇంజనీర్లున్నారు, ఒక్కరూ ఈ సంగతి పట్టించుకోరు. నాకు టోటో అంటే పడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఏళ్ళుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు. దేవుడికైతే ఎప్పుడో చెప్పేశాను. ఆయన మా అక్కకు చెప్పడని అప్పటి నా ధైర్యం.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అక్కా నేనూ ఉంటాం. అక్క నర్సుగా రిటైరైంది. నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. మాకు రెండు పిల్లులుండేవి, ఒకే ఈతలో పుట్టినవి. ముందు నడిచే మగదాని పేరు ఇంజిన్. దాని తోక చూసుకుంటూ వెనకే వచ్చే ఆడదాని పేరు గార్డు. రైల్వే కాలనీలో ఇంతకన్నా కవిత్వం ఆశించకండి.

ఇంజిన్‌కు ఒక అలవాటు. ట్యూషన్ గదిలో ప్రతి కుర్చీ మీదా ఉచ్చ పోసి, అది తనదని ప్రకటించేది. పిల్లలు ముక్కులు మూసుకునేవారు. ఒకావిడ కొడుకును మాన్పించేసింది. ఆపరేషన్ చేయిస్తే ఆ అలవాటు పోతుందని పశువుల డాక్టరు చెప్పాడు. చేయించాలి, చేయించాలి అనుకుంటూనే ఉన్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ప్రార్థన కూటానికి వెళ్ళినప్పుడు దాన్ని కూరగాయల సంచిలో పెట్టి, ఒళ్ళో పెట్టుకుని టోటో ఎక్కాను. ఊరవతల సాలువాలో పోలీసు క్యాంపు దాటాక వదిలేశాను. క్యాంపు మెస్సులో చేపముక్కలకు కొదవుండదని నాకు నేనే చెప్పుకున్నాను. అది పారిపోలేదు. నా చెప్పుల దగ్గరే కూర్చుంది. నేనే పారిపోయాను.

"ఇంజిన్ ఏదిరా?" అంది అక్క, వస్తూనే.

"మగది కదక్కా. ఎటో తిరగడానికి ఎల్లిపోనాది."

"కూడేళకి ఒచ్చేస్తాదిలే," అని దాని గిన్నెలో కూడా అన్నం కలిపింది.

గార్డు మొదట గుమ్మం దగ్గర అరిచింది. తర్వాత అరవడం మానేసింది. నాకు అప్పుడు భయం వేసింది. తినదు. ఒళ్ళు నాక్కోదు, బొచ్చు ఉండలు కట్టింది. మంచం కింద మూలకు చేరి గోడవైపు తిరిగి పడుకునేది. కిటికీలో పిచ్చుక వాలినా తల తిప్పదు. డాక్టరు అంతా చూసి, రోగమేమీ లేదు, దిగులు, తోడు పోతే ఇలాగే అవుతాయి అన్నాడు. పిల్లికి దిగులేమిటని నవ్వాను. ఆ గదిలో నవ్వింది నేనొక్కడినే.

ఆయన చెప్పినదంతా చేశాను. మంచం కిందనుంచి బలవంతంగా లాగలేదు. నేనే నేల మీద కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకునేవాణ్ణి. చేపను గోరువెచ్చగా చేసి, వాసన తగిలేంత దగ్గర పెట్టేవాణ్ణి. రోజూ ఒకే వేళకు తిండి, ఒకే వేళకు దారానికి కాగితం కట్టి ఆట. ఎండ పడే కిటికీ కింద ఇంజిన్ పడుకున్న పాత దుప్పటి, ఉతక్కుండా. వారాలు పట్టింది. ఒక ఉదయం కాగితం మీద పంజా వేసింది. నాకు ఏడుపొచ్చింది. అది జాలా? తప్పించుకున్నానన్న సంబరమా? నాలుగు కుర్చీల కోసం ఒక ప్రాణిని ఊరవతల దించి వచ్చినవాడు, ఆ తర్వాత కూడా తనను మంచివాడిననే అనుకోవడానికి ఎంత చేపను వెచ్చబెట్టాలో అప్పుడు లెక్క వేసుకోలేదు.

వీధిలో నాకు పేరొచ్చింది. బెంగాలీ దీదీలు సైతం తమ పిల్లి తినడం లేదంటూ వచ్చేవారు. నేను గంభీరంగా అడిగే మొదటి ప్రశ్న, ఈ మధ్య ఇంట్లోంచి ఎవరైనా వెళ్ళిపోయారా అని. అలా అడగడానికి నోరెలా వచ్చిందో నాకే తెలియదు.

మొన్న వానల్లో గార్డు ముసలిదై చనిపోయింది. ఆ వారమే అక్క వంటింట్లో చేపలు తోముతూ, "నువ్వు గాని లేకపోతే అది అప్పుడే పోయుండును తమ్ముడూ," అంది. ఆ మెప్పును ఇన్నేళ్ళూ తలవంచుకుని పుచ్చుకున్నాను. అందరూ వినయమనుకున్నారు. ఈసారి చేతకాలేదు. అలసిపోయాను. సంచి, టోటో, అది నా చెప్పుల దగ్గర కూర్చోవడం, అంతా చెప్పేశాను. క్షమించమని అడగలేదు. చెప్పేశాక ఒళ్ళు తేలికపడింది. ఆ తేలికకు కూడా సిగ్గేసింది.

అక్క తలెత్తలేదు. పొలుసు గీకుతూనే అంది:

"సాలువా ఏమైనా సముద్రం అవతలుందేటిరా? గార్డు కూడు మానేసి పడున్నన్నాళ్ళలో ఒక్కపాలైనా ఎల్లి ఇంజిన్ని పిలిసినావా?"