ఫైర్‌వాల్‌పై పడిన గడ్డపార

ఈ రోజు బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యజమాని, ఫోన్లు బాగుచేయడానికి వెళ్ళిన నా కళ్ళముందే ఫైర్‌వాల్ పెట్టెను గడ్డపారతో పచ్చడి చేశాడు. కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ ఫోన్లు పొద్దుట్నుంచీ మధ్యలో తెగిపోతున్నాయి. చెన్నైలో గుజ్జు కొనేవాళ్ళు ఫోన్‌లో సరే అననిదే కాయ దించరు. గేటు బయట లారీల్లో కాయ మగ్గిపోతోంది.

"ఎవురు కట్ చేసేది?" అని అరిచాడు.

"ఈ పెట్టే సార్. కాల్ మధ్యలో ఫోన్లు పంపుకునే మెసేజ్ దీనికి తెలియకుంటే ఆపేస్తాది," అన్నాను.

"నా ఫోన్ ఆపేదానికి ఇదెవురప్పా?" అంటూ నాలుగు పోట్లు పొడిచాడు. ఎగిరిన ముక్క తగిలి నా చెంప చీరుకుపోయింది.

రక్తం తుడుచుకుని పెట్టె లేకుండా వైరు నేరుగా ఫోన్లకు కలిపాను. ఈసారి ఫోన్ తెగలేదు.

"సూసినావా, నేనే బాగు చేసినాను!" అన్నాడు.

తెలియనివన్నీ ఆపేయమని ఆ పెట్టెకు చెప్పింది నేనే. గడ్డపార ఇంకా ఆయన చేతిలోనే ఉంటే, మీరైతే తప్పు మీదేనని ఒప్పుకునేవారా?