కుప్పం సారు సైకిల్లో చప్పుడు

'ఆ రోజుల్లో' అని నిట్టూర్చేంత వయసు నాకింకా రాలేదు. అయినా డిగ్రీ ముగించి ఫైబర్ షాపులో చేరిన ఆ చలికాలం గుర్తుకొస్తే, అదంతా ఎవరో దూరపు చుట్టాల పిల్లవాడికి జరిగినట్టు ఉంటుంది. వాడి మీద జాలీ, కొంచెం అనుమానమూ కలుగుతాయి. అసలు ఆ ఏడాది నన్ను అనుమానించని మనిషి లేడు. మదనపల్లెలోని మా షాపులో వ్యాన్ల బంపర్లు, బాత్రూమ్ తలుపులు, చవితి ముందు వినాయకుడి తొండాలు తయారయ్యేవి. వాటన్నిటినీ సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దడం నా ఉద్యోగం. సాయంత్రానికి ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో, ముక్కుపుటాలదిరే రెజిన్ జిగురు వాసనతో ఇల్లు చేరితే, అమ్మ ముందు నా చొక్కా వాసన చూసేది, తర్వాత నా కళ్లు చూసేది, ఆ తర్వాతే అన్నం పెట్టేది. ("ఇది తాగేది కాదమ్మా, తలుపులకు పూసేది" అంటే, "తాగేటోళ్లంతా ఏదో ఒకటి చెప్తారులే" అనేది.)

మా యజమానిని ఊరంతా ఫైబరన్న అనేది. ఆయన దగ్గరికి ఒక ఆదివారం కుప్పం సారు వచ్చాడు. వారమంతా రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి పోయి వచ్చే మనిషి, ఆదివారం పూట మాత్రం హార్స్లీ కొండకు సైకిలు తొక్కేవాడు. ఆ సైకిలు ఇనుముది కాదు, కార్బన్ ఫైబర్‌ది. చిటికెన వేలితో ఎత్తొచ్చు. కొండ దిగుతూ రాయి మీదికి ఎక్కించేసరికి కింది గొట్టం చిట్లింది. బెంగళూరులో ఇచ్చేంత ఓపిక లేక, కొండకు దగ్గరగా 'ఫైబర్' అని బోర్డు కనిపించిన చోట ఆగాడు.

"ఇంతకుముందు కార్బన్ పని చేసుండారా?" అని అడిగాడు.

"చేసుండాం సార్" అన్నాడు ఫైబరన్న. (చేసింది ఒకే ఒక డ్రోన్ రెక్క, పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాళ్లది. అది తర్వాత ఎగిరిందో లేదో మేము అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.)

సారు జేబులోంచి గోళ్లరంగు సీసా తీసి, ఎవరికీ కనబడని మూలలో ఫ్రేముకు ఒక చుక్క పెట్టాడు. "ఫ్రేము మార్చేస్తే నాకు తెలిసిపోతాది" అన్నాడు.

"మార్చాలంటే మా దగ్గర ఇంకోటి ఉండాల గద సార్" అన్నాను నేను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. ఆయనకు వేరే చూపు లేదని తర్వాత అర్థమైంది.

ఆయన పోయాక ఫైబరన్న ఫ్రేము నా చేతిలో పెట్టాడు. "చదువుకున్నోడివి, వీడియోలు సూస్తావు. దీన్ని నువ్వే సెయ్యి. కుదిరితే ఇకమీద కార్బన్ పనంతా నీదే. కుదరకపోతే బంపర్లు ఉండనే ఉండాయి." బంపర్లు రుద్దీ రుద్దీ నా వేలిముద్రలు అప్పటికే సగం అరిగిపోయాయి. పైగా ఇది బాత్రూమ్ తలుపు కాదు. అతుకు ఊడితే కొండ మలుపులో విరిగేది సారు మెడ.

పని చెప్పుకోవడానికి తేలికే. చిట్లిన చోట గీకి, నల్లటి కార్బన్ బట్టను ఎపాక్సీ రెజిన్‌లో తడిపి పొరలు పొరలుగా చుట్టి, పైన టేపుతో బిగించి, గట్టిపడేదాకా ఊరుకోవాలి. చిక్కంతా ఆ రెజిన్‌తోనే. బంపర్లకు వాడే రెజిన్‌లో చలికాలమైతే హార్డెనర్ ఇంకొన్ని చుక్కలు ఎక్కువ వేస్తాం, తొందరగా బిగుసుకుంటుంది. ఎపాక్సీకి ఆ మాయ పనికిరాదు. రెజినూ హార్డెనరూ డబ్బా మీద రాసినట్టే తూచి కలపాలి. నేను బంగారం తూచినట్టు తూచి, బ్రష్ కోసం అటు తిరిగి ఇటు తిరిగేసరికి ఫైబరన్న హార్డెనర్ డబ్బాకు మూత బిగిస్తున్నాడు. అప్పుడు నాకేమీ తోచలేదు. కాసేపటికి కప్పులో మిగిలిన రెజిన్ కుతకుతలాడి పొగలు కక్కి, ప్లాస్టిక్ కప్పును కరిగించుకుని బల్ల మీద కూర్చుంది. ఫ్రేము మీది రెజిన్ మాత్రం మర్నాటికీ తుమ్మజిగురులాగే ఉంది.

"ఏమన్నా కలిపినావా అన్నా?"

"నేనా? నేనేం కలుపుతాను? సలికాలం గదాని రవ్వంత..." అని ఆగి, "అది కాదులే, ఆ రెజిన్ అమ్మినోడు పాత సరుకు అంటగట్టుంటాడు" అన్నాడు. మధ్యాహ్నానికి అనుమానం రెజిన్ అమ్మినవాడి మీదినుంచి వాతావరణం మీదికీ, సాయంత్రానికి నా మీదికీ వచ్చింది. ఈలోగా గట్టిపడిందా లేదా అని వచ్చినవాళ్లందరూ వేలితో నొక్కి చూడడంతో, ఆ అతుకు మీద ఊరివాళ్ల వేలిముద్రలన్నీ పోలీసులకు పనికొచ్చేంత స్పష్టంగా పడ్డాయి.

అంతా గీకేసి రెండోసారి చేశాను. ఈసారి తలుపు గడియ వేసుకుని, ఫైబరన్నను బయట నిలబెట్టి కలిపాను. (ఆయన షాపులోంచి ఆయన్నే గెంటిన ఘనత నాదే.) కలపడం సరిగ్గా కుదిరింది కానీ చలి వదల్లేదు. ఈ రెజిన్‌కు రెండు మూడు రోజులైనా ఒకే తీరు వెచ్చదనం కావాలి. మా రేకుల షెడ్డులో టీ గ్లాసు పట్టుకున్నంత సేపే వెచ్చదనం. మర్నాడు గోరు గుచ్చితే గీత పడింది. అప్పుడు గుర్తొచ్చింది పుంగనూరు పక్క పల్లెలో మా చిన్నమ్మ. డిసెంబర్‌లో మా చుట్టాలందరిలో పగలూ రాత్రీ వెచ్చగా ఉండే ఇల్లు ఒక్కటే, అది మనుషులది కాదు. చిన్నమ్మ పట్టుపురుగుల షెడ్డు. దానికి హీటరూ, గోనెపట్టా పరదాలూ, గోడకు థర్మామీటరూ ఉండేవి. చిన్నమ్మ మాత్రం పక్కనే వసారాలో రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ పడుకునేది.

ఫ్రేమును ప్లాస్టిక్ పట్టాలో చుట్టి బస్సెక్కాను. కండక్టర్ దాన్ని తలకిందులుగా కూడా చూశాడు.

"సక్రాలు యాడప్పా?"

"కుప్పంలో ఉండాయన్నా."

"మరి ఇది యాడికి?"

"మా చిన్నమ్మోళ్ల పురుగుల షెడ్డులో పెట్టను."

ఆయన టికెట్టు చింపి ఇచ్చి ముందుకు పోయాడు. దిగేదాకా నా పక్క సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

పట్టుపురుగులు పెంచేవాళ్లకు లోకమంతా అనుమానమే. చెప్పుల దుమ్ము తగిలినా, సెంటు వాసన సోకినా, పురుగు మేత మానేస్తుంది. మేత మానేస్తే పంట పోయినట్టే. చిన్నమ్మ షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఆడ్నే నిలబడు. సెంటు కొట్టుకున్యావా?"

"లేదు చిన్నమ్మా."

"మరి ఈ వాసనేంది?"

"నేను కాదు, సైకిలు."

"సైకిలుకు వాసనేందిరా? పక్క టమాటా తోటలో మందు కొడితేనే వారం దినాలు ఆ గట్టు పక్క ఆకు కొయ్యను. నువ్వేమో మందును సంకన పెట్టుకోనొచ్చి లోపలికి రానీమంటాండావు."

సారు మెడ సంగతీ, నా బంపర్ల సంగతీ చెప్పుకున్నాను. బంపర్ల దగ్గర ఆమె మనసు కొంచెం కరిగినట్టనిపించింది. కరిగినా నమ్మలేదు. వసారాలో గోనెపట్టా పరిచి ఫ్రేము పెట్టించింది. షెడ్డులోంచి గుప్పెడు పురుగుల్ని చేటలో తెచ్చి దాని పక్కనే పెట్టి, పైన రెండు మల్బరీ కొమ్మలు వేసింది. "ఇవి తింటే సైకిలు లోపలికి. తినకపోతే నువ్వూ నీ సైకిలూ బస్టాండుకు" అంది. ఇద్దరం చేటకు చెరోపక్క గొంతుక్కూర్చున్నాం. డిగ్రీ ఫలితాలకు కూడా నేనంత దడతో ఎదురుచూడలేదు. (అవి ఎలా వస్తాయో ముందే తెలుసు కాబట్టి.) మొదట ఒక పురుగు తల ఎత్తి, అటూ ఇటూ ఊపి, ఆలోచించింది. తర్వాత ఆకు అంచున కొరికింది. మిగతావీ అందుకున్నాయి. నేను లేవబోయాను.

"కూసో. ఆకలికి తింటాండాయేమో" అంది చిన్నమ్మ. ఆ పురుగుల్ని తీసేసి, కడుపునిండా తిన్న ఇంకో గుప్పెడు తెచ్చి వేసింది. అవీ తిన్నాయి. అప్పటికిగాని నా చేత బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచించి, ఫ్రేమును తన పాత నూలు చీరలో చుట్టి, షెడ్డు చివర దూలానికి తాడుతో వేలాడదీయనివ్వలేదు.

వారం తిరిగి నేను వెళ్లేసరికి పురుగులు పండాయి. పండిన పురుగు మేత మానేసి, గూడు అల్లుకోవడానికి చోటు వెతుక్కుంటూ పైకి పాకుతుంది. చిన్నమ్మ వాటిని ఏరి చంద్రికల మీద, అంటే గూళ్లు అల్లుకునే వెదురు తట్టల మీద, వేస్తూ నా వైపు చూడలేదు. ఫ్రేము దించి గోరు గుచ్చాను. గోరు విరిగింది. అంత సంతోషంగా నేనెప్పుడూ గోరు పోగొట్టుకోలేదు. షాపుకు తెచ్చి, రుద్ది, వార్నిష్ వేశాను. అతుకు ఎక్కడుందో ఫైబరన్నే పోల్చుకోలేకపోయాడు. (పోల్చుకోలేక, చేశానో లేదోనని అనుమానపడ్డాడు.)

ఇద్దరం ఫ్రేమును అట్టపెట్టెలో పెట్టుకుని గూడ్స్ ఆటోలో కుప్పం తీసుకుపోయాం. దారి పొడవునా గుంతలు. సారు వరండాలో వాళ్లమ్మ, ముసలి అవ్వ, బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుని ఉంది. సారు ముందు గోళ్లరంగు చుక్క చూసుకున్నాడు. తర్వాత రూపాయి బిళ్లతో గొట్టం పొడవునా తట్టుతూ చెవి పెట్టి విన్నాడు. లోపల పొర ఎక్కడైనా అంటుకోకపోతే చప్పుడు బోలుగా వస్తుంది.

"ఈడొక తీరుగా, ఆడొక తీరుగా వస్తాండాది."

"ఆడ స్టిక్కర్ ఉండాది సార్" అన్నాను.

స్టిక్కర్ పీకి మళ్లీ తట్టాడు. చప్పుడు ఒక్కటే అయింది. తప్పు దొరకనందుకు దిగులుపడ్డ మొహంతో, చివరిగా ఫ్రేమును రెండు చేతులా ఎత్తి ఊపాడు.

లోపల 'గలగల' మంది.

సారు ఇంకోసారి ఊపాడు. ఇంకోసారి గలగలమంది. "లోపల ఏదో ఇరిగుండాది" అన్నాడు చాలా నెమ్మదిగా. ఫైబరన్న నన్ను ఇప్పుడే రోడ్డు మీద చూసినవాడిలా చూశాడు. నేను ఫైబరన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే మరల వైపు, అందులో ఒకటి గొట్టంలోకి జారిందేమోనని చూశాను. నా కళ్ల ముందు బంపర్లు బారులు తీరి నిలబడ్డాయి.

"తలకిందులు చేసి తట్టు నాయనా" అంది అవ్వ, బియ్యంలోంచి తల ఎత్తకుండానే.

తట్టాడు. పెడళ్ల ఇరుసు దూర్చే రంధ్రంలోంచి ముందు తెల్లటి పీచు వేలాడింది. దాన్ని పట్టి లాగితే, కోలగా, తెల్లగా, ఒక పట్టుగూడు వచ్చి సారు అరచేతిలో పడింది. చిన్నమ్మ చీర మడతల్లోంచి దూరిన పురుగు ఒకటి, మా ఫ్రేము లోపల గూడు కట్టుకుంది. ఆటో కుదుపులకు అది పట్టు వదిలినట్టుంది.

"ఇది సైకిలు షాపా, పురుగుల షెడ్డా?" అన్నాడు సారు. నిజం చెప్పక తప్పలేదు. చలీ, షెడ్డూ, చేటలో పెట్టిన పరీక్షా, అన్నీ చెప్పాను. చెప్తున్నకొద్దీ సారు మొహంలో అనుమానం పెరిగిపోయింది. ఇంతలో అవ్వ చెయ్యి చాచి గూడు తీసుకుంది. వయసులో ఉన్నన్నాళ్లూ పురుగులు మేపిన మనిషట. వేళ్లతో నొక్కింది, చెవి దగ్గర ఊపి విన్నది.

"మంచి గట్టి గూడు. పురుగు బతికుండాది" అంది. "మందు వాసన రవ్వంత ఉన్యా పురుగు ఆడ నిలబడదు నాయనా. సరిగ్గా ఆరిన చోటని దానికి తెలిసే కట్టుకునింది. బిళ్లతో కొట్టి కొట్టి సూస్తాండావే, దీనికన్నా ఏం కావాల నీకు?"

సారు ఫ్రేమును గోడకు ఆనించాడు. నన్ను మొదటిసారి మామూలుగా చూశాడు. (ఆ చూపు ఆయన మొహానికి అంతగా నప్పలేదు.) "చక్రాలు తెస్తా, బిగించు" అన్నాడు. ఫైబరన్న నా భుజం తట్టి, ఆ చెయ్యి అలాగే ఉంచేశాడు. బంపర్ల నుంచి నాకు విముక్తి కలిగింది అక్కడే.

ఒక చిన్న సంగతి మాత్రం ఆ రోజు నేను చెప్పలేదు. పండిన పురుగుకు వాసనా, ఎంపికా ఏమీ ఉండవు. చీపురు దొరికితే చీపుర్లో, చెప్పు దొరికితే చెప్పులో గూడు కట్టేస్తుంది. చిన్నమ్మ గొడుగులో ఒకటి కట్టింది. నాలాంటివాడికే తెలిసిన ఆ సంగతి జీవితమంతా పురుగులు మేపిన అవ్వకు తెలియకుండా ఉంటుందా అన్నది నా అనుమానం. మేము బయల్దేరేటప్పుడు ఆమె గూటిని కొంగున ముడి వేసుకుంటూ, "చిన్న వయసు. చలికాలం పని" అంది. ఎవరితో అన్నదో, ఎవరి గురించి అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడు మా షాపులో బల్బులూ థర్మామీటరూ పెట్టి నేను చేసిన వెచ్చటి అలమర ఉంది. ఎవరినీ బతిమాలే పని లేదు. చిన్నమ్మ ఇప్పటికీ గుమ్మంలో నా చొక్కా వాసన చూస్తుంది. ఆ పంటలో ఒక గూడు తక్కువ వచ్చిందని తనకు అప్పుడే అనుమానమొచ్చిందంటుంది (వేలల్లో ఒకటి). సారు ఆదివారాల్లో కొండకు పోతూ షాపు ముందు ఆగి, నా కళ్లెదురుగా సైకిలు ఎత్తి ఒకసారి ఊపి, విని, వెళ్లిపోతాడు. నాకూ ఆ జబ్బు అంటుకుంది. పూర్తయిన ప్రతి పనినీ చెవి దగ్గర ఊపి చూస్తాను. లోపల ఏమీ ఉండదు. ఉండకూడదు కూడా. అయినా ఆ నిశ్శబ్దం విన్నప్పుడల్లా, గోరు విరిగినందుకు మురిసిపోయిన ఆ పిల్లవాడు గుర్తొస్తాడు. అమ్మా, అన్నా, చిన్నమ్మా, సారూ, కండక్టరుతో సహా అందరూ అనుమానించిన ఆ చలికాలంలో, వాడి పనిని చూసి ఒక్క ప్రశ్నా వేయకుండా లోపలికి వచ్చి కాపురం పెట్టింది ఆ పురుగొక్కటే.