ప్రశ్నతో పాటు తెచ్చిన కోడి

కోదాడలో ఒక సభ వార్త రాసుకుంటుంటే, సూర్యాపేట నుంచి వచ్చిన బస్సు దిగిన మనిషి చెప్పాడు, పెద్దబాపు పోయాడని. మా నాన్నకు అన్న. సూర్యాపేట పట్టణ కమిటీకి మా చుట్టుపక్కల వాడల జనం చేతులెత్తి ఎన్నుకున్న సభ్యుడు. జ్వరంతో పడుకుని మళ్లీ లేవలేదట.

ఆయన ఉపన్యాసకుడు కాదు. మాట్లాడుతూ కండువాతో మెడ తుడుచుకునేవాడు, చెప్పేది మరిచిపోయేవాడు. గెలిచాక పెట్టిన మొదటి సభలో తన కోసం వేసిన కుర్చీ మీద తాగే నీళ్ల కుండ పెట్టించాడు. జనం నిలబడే ఉన్నారు. దొరల ముందు కూర్చునే అలవాటు వాళ్లకు లేదు. అందరూ కూర్చునేదాకా ఆయన నోరు విప్పలేదు.

ఆ సభకు మాదిగవాడ నుంచి ఒకావిడ చంకలో కోడితో వచ్చింది. వాళ్ల బావి ఎండిపోయింది. పక్క వాడ బావి దగ్గరికి వాళ్లను రానివ్వరు.

“నీ బాంచెన్ దొరా, గీ కోడి తీస్కో. మా బాయి సంగతి జర సూడు.”

“దొర ఎవలు? కోడెందుకు?”

“ఉత్త చేతులతోని ఎట్ల అడుగుతరు?”

“గట్లనే అడగాలె. కోడిని ఇంటికి తీస్కపో.”

“ఇయ్యాల కోడి బతికింది,” అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

కొత్త బావికి అనుమతి ఇవ్వాల్సిన ఇంజనీరు మిర్యాలగూడలో ఉంటే పెద్దబాపు అక్కడికి వెళ్లి వచ్చాడు. పని కాలేదు. పని కాకపోతే సభ పెట్టని సభ్యులను చాలామందిని చూశాను. ఆయన పెట్టాడు. కిందటిసారి అడిగినవాళ్లతోనే సభ మొదలు కావాలని ఆయన పట్టుదల. ముందుగా ఆమెనే అడగమన్నాడు. ఈసారి ఆమె ఉత్త చేతులతో వచ్చింది.

“బాయేదయ్యా?”

“కాలే. ఇంజనీరు ఒప్పుకోలే. మళ్ల పోత.”

“గిందుకేనా నీకు చెయ్యెత్తింది?”

“వచ్చే సభల గూడ గిట్లనే అడుగు.”

తిట్టించుకోవడానికి సభ ఎందుకని ఇంట్లో అడిగాను. “జనాలు మన మొఖం మీద అడగలేకపోతే మనకూ దొరకూ ఫరకేంది బిడ్డా?” అన్నాడు. తెలియకపోతే తెలియదనాలి, కాకపోతే కాలేదనాలి, ఆ మాట చెప్పడానికి మళ్లీ రావాలి. ఎన్నికైన మనిషి నుంచి ఇంతకు మించి ఆశించడం ఆయన నాకు నేర్పలేదు. ఈ మాత్రం కూడా అరుదని సభలు తిరిగాక తెలిసింది.

బావి తవ్వించకుండానే పోయాడు. ఆయన స్థానంలో వచ్చిన సభ్యుడి మొదటి సభకు నిన్న వెళ్లాను. కొత్త సభ్యుడు కుర్చీలో కూర్చున్నాడు. జనం నిలబడ్డారు. దండ వేయించుకున్నాడు, మాట్లాడాడు, ఎవరినీ అడగమనలేదు. వెనక వరసలో ఆ మాదిగవాడ ఆవిడ కనిపించింది. సభ ముగిసినా అక్కడే నిలబడి ఉంది. ఆమె చంకలో, కాళ్లు కట్టేసిన కోడి.