జిమ్మీ ఊపిరి, మా అత్తయ్య మిరపకాయలు

మా జిమ్మీకి ఏదో తేడా చేసిందని నాకు తెలిసిన పొద్దున, వాడు పెరుగన్నం ముందు నిలబడి, తినకుండా, మెడ ముందుకు చాచి గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. పెరుగన్నమంటే గిన్నె అడుగు దాకా నాకేసే రకం వాడు. నేను నోటి దురుసు మనిషినే గానీ, భయం వేస్తే మాత్రం మాట పడిపోతుంది. "అత్తయ్యా!" అన్న పిలుపు తప్ప ఇంకేమీ రాలేదు.

జిమ్మీ ఊరకుక్కే. మామయ్యగారు చనిపోయిన ఏడాది ఎక్కణ్ణుంచో వచ్చి మా అత్తయ్య మంచం కింద పడుకున్నాడు, మళ్లీ పోలేదు. మాది వినుకొండ దగ్గర కొండ కింద పల్లె. మిరప, పత్తి వేస్తాం. కాయలు కల్లంలో ఎండబోస్తే కాపలా జిమ్మీదే.

అంతకు ముందు రోజు మధ్యాహ్నం కొండ మీద ఎండుగడ్డి అంటుకుంది. గాలి మా వైపు తిరగడంతో మంట కిందికి దిగి, కల్లాల పక్కన పేర్చిన పత్తికట్టెకు పాకింది. అక్కణ్ణుంచి మా మిరపకాయల రాశి ఒక పక్క రాజుకుంది. వంటింట్లో ఒక్క కాయ మాడితేనే ఇంటిల్లిపాదీ దగ్గుతాం. ఇక్కడ కాలుతున్నది రాశి. మగవాళ్లు తడి తువ్వాళ్లు ముక్కులకు కట్టుకుని, అందినంత కాయను కింద పరిచిన పట్టాలతో సహా లాగుతున్నారు. జిమ్మీ మాత్రం ఆ పొగలోనే రాశి చుట్టూ తిరుగుతూ మొరుగుతున్నాడు. కాపలా వదిలి రాడే! "ఒరేయ్ జిమ్మీ, రారా! చస్తావురా!" అని గొంతు చించుకున్నాను. చివరికి మా ఆయనే లోపలికి పోయి మెడ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

జిమ్మీకి మీసాలు మాడాయి, అరికాళ్లు బొబ్బలెక్కాయి. అంతకు మించి ఏమీ కనపడలేదు. నీళ్లు తాగాడు, తోక ఊపాడు. అత్తయ్య కాళ్లకు కొబ్బరినూనె రాసింది. "బాగానే ఉన్నాడులే" అనుకుని మిగిలిన కాయ చూసుకోవడానికి పోయాం.

మా ఊళ్లో దిష్టి తీయాలంటే మా అత్తయ్యే తీయాలి. పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినా, గేదె పాలు చేపకపోయినా ఆవిడ దగ్గరికే వస్తారు. ఆ సాయంత్రం ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట్లో పట్టుకుని జిమ్మీ చుట్టూ తిప్పి, వాడి పక్కనే ఉన్న కుంపట్లో వేసింది. దిష్టి లేకపోతే మిరపకాయ ఘాటు కొడుతుందని, గట్టిగా తగిలి ఉంటే ఘాటే రాదని మా నమ్మకం. పగలంతా కల్లం పొగ పీల్చిన ముక్కులు మావి. మాకు ఘాటెక్కడ తెలుస్తుంది?

"చూశావా అమ్మాయ్, చిటికెడు ఘాటు లేదు! ఎంత దిష్టి కొట్టిందో నా బిడ్డకి" అంటూ అత్తయ్య ఇంకో గుప్పెడు వేసింది. జిమ్మీ తుమ్మి, దగ్గి, మొహం కాళ్ల మధ్య దాచుకున్నాడు. దిష్టి దిగిపోయిందని మేమిద్దరం తేలికపడ్డాం. తెల్లారేసరికి వాడికి ఊపిరి అందడం లేదు.

"పంట బుగ్గయి నేనేడుస్తుంటే కుక్కకి ఆసుపత్రా?" అన్నాడు మా ఆయన. అప్పుడొచ్చింది నా నోరు నాకు. "ఆ పంటకి కాపలా కాసే కదా వాడికి ఈ గతి పట్టింది! ఆటో పిలుస్తారా, నన్నే పోయి తెచ్చుకోమంటారా?" అన్నాను. పోయి ఆటో తెచ్చాడు.

వినుకొండలో పశువుల డాక్టరమ్మ వాడి పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు నీలంగా ఉన్నాయి. గొంతులో మసి.

"నిన్ననే ఎందుకు తీసుకురాలేదండీ?"

"బాగానే ఉన్నాడండి. తోక కూడా ఊపాడు."

"పొగ పీల్చిన జంతువు మొదట్లో అలాగే కనిపిస్తుందండి. లోపల వాపు తర్వాత మొదలవుతుంది. రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ బాగా పడిపోయింది. ఇంజెక్షన్ చేస్తాను, ఆక్సిజన్‌కి మాత్రం గుంటూరు తీసుకెళ్లాలి." సిరంజి ఎక్కిస్తూ అడిగింది, "మంటలోంచి వచ్చాక మళ్లీ పొగేమైనా తగిలిందా?"

అత్తయ్య ముందుకొచ్చింది. "నేనేనమ్మా. దిష్టి తీశాను. ఘాటు రాలేదని రెండోసారి కూడా వేశాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. "ప్రేమతోనే చేశారు పెద్దమ్మా. వాడి ఊపిరితిత్తులకి ఆ సంగతి తెలియదు కదా" అంది. తిట్టినా బాగుండేది.

గుంటూరు దారిలో వాడి తల అత్తయ్య ఒళ్లో ఉంది. నరసరావుపేట దాటాక ఆవిడ మెల్లగా, "వీడు పోతే నేను చంపినట్టే కదమ్మాయ్?" అంది. కాదని చెప్పాలనే ఉంది. కానీ వాడి పొట్ట ఎగిరెగిరి పడుతోంది, నా కళ్లు అక్కణ్ణుంచి మరలడం లేదు. ఇది ఆగిపోతే ఈవిణ్ణి ఇంటికెలా తీసుకెళ్లాలి దేవుడా అన్నదొక్కటే ఆలోచన.

గుంటూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. అద్దాల పెట్టెలో పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. డ్రిప్, నెబ్యులైజర్, అరికాళ్లకు డ్రెస్సింగ్. మర్నాటికి కాస్త తేరుకుని తల ఎత్తాడు. మేం సంబరపడేలోపే జ్వరం తన్నుకొచ్చింది. "న్యుమోనియా మొదలైంది. యాంటీబయాటిక్ మారుస్తున్నాం. ప్రాణం నిలబడకపోవచ్చు కూడా, మీరు సిద్ధంగా ఉండండి" అన్నాడు అక్కడి డాక్టరు.

ఎలా సిద్ధంగా ఉంటారో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తయ్య అద్దం మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. అన్నం ముట్టదు, బీపీ మాత్ర మింగదు. ఇద్దరినీ పోగొట్టుకుంటానేమో అనిపించింది. "మాత్ర మింగుతారా, లేకపోతే మిమ్మల్నీ ఆ పెట్టెలో పడుకోబెట్టమని చెప్పనా?" అని వరండా అదిరేలా అరిచాను. ఆవిడ ఉలిక్కిపడి మింగింది. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం.

మరుసటి రోజు మా ఆయన క్యారేజీ పట్టుకుని వచ్చాడు. అద్దం దగ్గర వంగి, "ఏరా జిమ్మీ, కల్లం ఎవరు చూస్తార్రా?" అన్నాడు. వాడి మీద కప్పిన తువ్వాలు కింద తోక కదిలింది. "జ్వరం కూడా దిగుతోంది" అంది నర్సు. అత్తయ్య అప్పుడు క్యారేజీ విప్పింది.

ఇంటికొచ్చాక చాలా రోజులు వాడి మూతికి పసిపిల్లల మాస్కు పెట్టి నెబ్యులైజర్ పట్టాం. అగరుబత్తి, దోమల చుట్ట, కట్టెల పొయ్యి అన్నీ బంద్. అరికాళ్లు మానాయి. గొంతు మాత్రం రాలేదు. మొరగబోతే గాలి శబ్దం వస్తుంది, అంతే. ఎవరైనా పత్తికట్టె తగలబెడితే చాలు, మంచం కిందికి దూరి వణుకుతాడు. నేను పరుగెత్తుకెళ్లి వాడి పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూస్తాను. డాక్టరమ్మ భయం లేదంది గానీ, నా భయం నన్ను వదల్లేదు.

మీకు నేను చెప్పేది ఒకటే. పొగలోంచి బయటపడ్డ కుక్క గానీ, పిల్లి గానీ, దూడ గానీ ఎంత హుషారుగా కనపడినా ఆ పూటే డాక్టరుకు చూపించండి.

మొన్న పక్క ఊళ్లో గడ్డివాములు కాలాయి. అక్కణ్ణుంచి ఒకావిడ తువ్వాల్లో పిల్లిని చుట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చింది. దాని చెవులు కమిలి ఉన్నాయి. "పెద్దమ్మా, కాస్త దిష్టి తీయవా? బెదిరిపోయింది. పాలైతే తాగింది, బాగానే ఉంది" అంది.

"బాగానే ఉందా?" అంది అత్తయ్య. చెప్పులైనా వేసుకోకుండా గబగబా వెళ్లి ఆటోలో కూర్చుని, పిల్లి కోసం చేతులు చాచింది. "ఇలా ఇవ్వు. నువ్వూ ఎక్కవే. ఏమయ్యా, పశువుల ఆసుపత్రికి పోనియ్!"